పిల్లల చేతిలో సెల్‌ఫోను: పెద్దలు తెలిసికొనవలసిన సంగతులు

పిల్లవాడు నడక నేర్చిన నాటినుండి తల్లికి కొన్ని భయములు పట్టుకొనును. నూతికి గట్టు ఉన్నదో లేదో, పొయ్యిమీది గంజికుండ చేతికందునేమో, వీధి తలుపు గడియ వేసితినో లేదో అని ఆమె పని చేసికొనుచునే ఒక చెవి అటు వేసి ఉంచును. ఈ జాగ్రత్తలు ఆమెకు ఎవరును పాఠముగా చెప్పలేదు. తల్లిని చూచి, అత్తను చూచి అలవడినవి. సెల్‌ఫోను విషయమున మాత్రము ఆమెకు అట్టి ఆస్తి లేదు. ఆమె తల్లి కాలమున అది లేనేలేదు. ఆమె చిన్ననాట ఉన్నను ఈ రూపమున లేదు. కావున పిల్లవాడు గోడవార కూర్చుండి, అల్లరి చేయక ఫోను చూచుచుండగా, "హమ్మయ్య, ఇంట్లోనే ఉన్నాడు" అనుకొని ఆమె తన పనిలో మునిగిపోవును.

పిల్లవాడు ఇంటిలో ఉన్న మాట నిజమే. ఆ సమయమున అతనికి ఏమి చూపబడుచున్నదో, అతనితో ఎవరు మాటలాడుచున్నారో ఇంటిలోనివారికి తెలియకపోవుటయే చిక్కు. పది సంవత్సరములలోపు పిల్లలున్న ఇండ్ల పెద్దలకొరకు, అనగా తల్లిదండ్రులకు మాత్రమే గాక పిల్లలను కనిపెట్టుకొని ఉండు తాతలకును, అమ్మమ్మలకును, నాయనమ్మలకును ఉపయోగపడునట్లు ఈ వ్యాసము వ్రాయబడినది.

2020 మార్చిలో కరోనా వ్యాధి కారణముగా దేశమంతట బడులు మూతపడెను. అంతవరకు "ఫోను ముట్టుకోకు" అని కసరిన పెద్దలే, కొలది నెలలలో ఆ ఫోనును పిల్లల చేతికిచ్చి "పాఠం విను" అనవలసివచ్చెను. ఆ యేటి జూలైలో కేంద్ర ప్రభుత్వము 'ప్రజ్ఞాత' అను పేరుతో మార్గదర్శక సూత్రములను వెలువరించెను. పూర్వ ప్రాథమిక తరగతుల విషయమున తల్లిదండ్రులతో జరుపు ఆన్‌లైను సమావేశము దినమునకు 30 నిమిషములు మించరాదనియు, 1 మొదలు 8 తరగతులవారికి 30 నుండి 45 నిమిషముల పాఠములు రెండింటికంటె ఎక్కువ ఉండరాదనియు వానిలో సూచింపబడెను. తరువాత బడులు తెరచుకొనినవి, నల్లబల్ల తిరిగి వచ్చినది. ఫోను మాత్రము పెద్దల జేబులోనికి పూర్తిగా తిరిగి రాలేదు.

ఉయ్యాలలోని బిడ్డకు తెర వలదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిలులో ఐదేండ్లలోపు పిల్లలను గూర్చి కొన్ని సూచనలు చేసినది. ఏడాది నిండని బిడ్డకు తెర ఎంతమాత్రము చూపరాదు. ఏడాది బిడ్డకును అది తగదు. రెండు మొదలు నాలుగు సంవత్సరముల వయస్సువారికి దినమునకు ఒక గంట మించరాదు, అంతకంటె తక్కువయైన మరియు మేలు. మన దేశపు శిశువైద్యుల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లో ఇంచుమించు ఇదే చెప్పినది. రెండేండ్లలోపు వారికి తెర వలదు. రెండు మొదలు ఐదేండ్లవారికి పెద్దలు ప్రక్కన ఉండగా ఒక గంటకు లోపు. ఐదు మొదలు పదేండ్లవారికి రెండు గంటలకు లోపు. ఈ లెక్కలో టెలివిజను, కంప్యూటరు, ఫోను అన్నియు కలిసియే ఉన్నవి. టెలివిజనుకు ఒక గంట, ఫోనుకు వేరొక గంట అని వేరువేరుగా పంచుకొనరాదు.

ఇంత కచ్చితము దేనికని కొందరు అడుగుదురు. బిడ్డ మాటలు నేర్చుట వినికిడివలన మాత్రమే కాదు, బదులు వచ్చుటవలన కూడ. బిడ్డ "తా" అనిన తల్లి "అవును, తాత వచ్చాడు" అనును. బిడ్డ మరల "తా" అనును. ఈ ఇచ్చిపుచ్చుకొనుటలో భాష పుట్టును. తెరలోని బొమ్మ ఎంత చక్కగా పాడినను, బిడ్డ పలికినదానికి అది బదులు పలుకదు. అన్నము పెట్టు వేళనుగూడ గమనింపవలెను. వెనుకటి తల్లులు చందమామను చూపి ముద్దలు తినిపించెడివారు. చందమామను చూచిన బిడ్డ మరల తల్లి ముఖమును చూచెడిది, కడుపు నిండిన ముఖము త్రిప్పుకొనెడిది. ఫోను చూచుచు తిను బిడ్డ నోరు తెరచుచునే ఉండును. తాను తినుచున్నది పప్పన్నమో పెరుగన్నమో దానికి తెలియదు, ఎంత తిన్నదో తల్లికి తెలియదు. పనిలో సతమతమగు తల్లిని ఈ విషయమున నిందించుట న్యాయము కాదు. ఇంటిలో మరియొక చేయి ఉన్నచో ఆ పూట బిడ్డను ఆ చేతికి ఇయ్యవలెను గాని ఫోనుకు కాదు.

వీడియో కాలుకు మాత్రము ఈ నియమము వర్తింపదు. శిశువైద్యుల సంఘమే, దూరమున ఉన్న బంధువులతో బిడ్డను మాటలాడించుటకు మినహాయింపు ఇచ్చినది. గోదావరి జిల్లాలనుండియు, కడపనుండియు, కరీంనగరు, నిజామాబాదు ప్రాంతములనుండియు గల్ఫు దేశములకు పనికి పోయిన తల్లిదండ్రుల బిడ్డలు ఎందరో అమ్మమ్మలయొద్ద, నాయనమ్మలయొద్ద పెరుగుచున్నారు. తెరలో కనబడు తల్లి బిడ్డ పలుకునకు బదులు పలుకును. అది బొమ్మ వంటిది కాదు. ఇట్టి ఇండ్లలో ఫోనును విలాస వస్తువుగా ఎంచుట పొరపాటు. ఈ సంగతి మరల ప్రస్తావనకు వచ్చును.

ఇంకొక మాట. టెలివిజను రిమోటులో, కొన్ని ఆటబొమ్మలలో నాణెము ఆకారముననుండు చిన్న బ్యాటరీలు ఉండును. పాకు బిడ్డ దానిని మ్రింగినచో అది అన్నవాహికలో చిక్కుకొని, రెండు గంటలలోనే లోపలి కండను కాల్చివేయగలదు. మ్రింగినట్లు అనుమానమున్నను చాలు, బిడ్డను కక్కించుటకు ప్రయత్నింపక, తెల్లవారువరకు వేచియుండక, ఎక్స్‌రే తీయగల ఆసుపత్రికి వెంటనే కొనిపోవలెను. ఛార్జరును గోడ ప్లగ్గులో ఉంచి, వైరు చివర నేలమీద వ్రేలాడవిడుచు అలవాటును కూడ మానవలెను. పాకు బిడ్డ చేతికి దొరికిన ప్రతిదియు నోటికే పోవును గదా.

కన్నులు, నిదుర

తెరవైపు చూచునపుడు మనిషి రెప్పలు వేయుట తగ్గును. అందువలన కన్నులు ఎండి మండును. పిల్లలు మండుచున్నదని చెప్పరు, నలుపుకొందురు. ప్రతి 20 నిమిషములకు ఒకసారి, 20 అడుగుల దూరముననున్న వస్తువును 20 సెకండ్లు చూడవలెనని కంటి వైద్యులు చెప్పుదురు. ఇంటి ఎదుట వేపచెట్టు ఉన్నచో దానిని చూచినను సరియే. ఎల్లప్పుడు దగ్గర వస్తువులనే చూచుచు, ఆరుబయట ఆడని పిల్లలకు హ్రస్వదృష్టి వచ్చు అవకాశము హెచ్చు. దినమునకు రెండు గంటలు వెలుతురున ఆడుకొనుట దానికి మంచి అడ్డు. పండుకొనుటకు ఒక గంట ముందే తెరను ఆపవలెను. పండుకొనుచోట ఫోను ఉండరాదు. మూడు, నాలుగేండ్ల బిడ్డకు పగటి నిదురతో కలిపి 10 మొదలు 13 గంటల నిదుర కావలెను. అందులో కోతపడినచో మరునాటి ఉదయపు ఏడ్పులోనే అది బయటపడును.

యంత్రము తానై చూపునది

పిల్లవాడు రైలుబండి పాట అడిగెను, పెద్దలు పెట్టి ఇచ్చిరి. పాట ముగిసినది. ఎవరును ఏమియు నొక్కకుండగనే దాని వెనుక మరియొక వీడియో మొదలగును, దాని వెనుక వేరొకటి. ఈ వరుసను ఇంటిలోనివారు ఎవరును ఏర్పరుపలేదు. చూచువానిని ఇంకను కొంతసేపు నిలుపగలది ఏదియో యంత్రము లెక్కించి దానిని ముందుకు నెట్టును. అరగంట గడచునప్పటికి రైలుబండి పాటనుండి రక్తము, దయ్యములు, బూతు మాటలు ఉన్న బొమ్మల కథకు పోవుట అసాధారణము కాదు. అట్టివి కొన్ని, పిల్లలకు ప్రియమైన బొమ్మల వేషముననే ఉండును. పైనుండి చూచిన తల్లికి భేదము తెలియదు.

దీనికి కొన్ని ఉపాయములు కలవు. వీడియో తనంత తాను మొదలగుటను ఫోనులోని సెట్టింగులలో ఆపివేయవచ్చును. యూట్యూబువారు 2015లో పిల్లలకొరకు యూట్యూబ్ కిడ్స్ అను వేరు యాప్‌ను తెచ్చిరి. ఆండ్రాయిడ్ ఫోనులలో ఫ్యామిలీ లింక్, ఐఫోనులలో స్క్రీన్ టైమ్ అను సాధనములవలన సమయమునకు హద్దు పెట్టవచ్చును, కొత్త యాప్ వేయునపుడు పెద్దల అనుమతి కావలెనని నిర్ణయింపవచ్చును. ఇవి జల్లెడ వంటివి. జల్లెడలో నలుసులు కొన్ని జారునని తెలిసి, పెద్దలు చెవి అటు వేసి ఉంచవలెను. చెవిగొట్టములు పెట్టుకొని చూచుటకంటె, శబ్దము బయటికి వినబడునట్లు, నలుగురు తిరుగు వసారాలో చూచుట చిన్న పిల్లలకు మేలు. కంప్యూటరున్న ఇంట దాని తెర గోడవైపు కాక గదివైపు తిరిగి ఉండవలెను.

డబ్బు సంగతి క్లుప్తముగా చెప్పిన చాలును. పందెము కట్టి ఆడు ఆన్‌లైను ఆటలను 2025లో పార్లమెంటు చట్టముచేసి నిషేధించినది. కాని ఆటలో బొమ్మకు టోపీయో కత్తియో కొనుట, బంగారు నాణెములు కొనుట అందు చేరలేదు. తొమ్మిదేండ్ల బాలునికి నాణెము అనిన ఆటలోని నాణెమే; తండ్రి ఖాతాలోని నెలజీతము అని అతడు ఎరుగడు. యు.పి.ఐ. పిన్ను పిల్లలు చూచుచుండగా నొక్కరాదు. యాప్ స్టోరులో ప్రతి కొనుగోలునకు పాస్‌వర్డు అడుగునట్లు అమర్చుకొనవలెను. ఎవరైన మోసముచేసి సొమ్ము లాగినచో 1930 నంబరునకు వెంటనే ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, సొమ్మును మధ్యలో నిలుపుటకు అంత అవకాశముండును.

తెలియనివారు

ఇవి అన్నియు ఒక ఎత్తు, ఇకముందు చెప్పబోవునది ఒక ఎత్తు. దీనిని గ్రహించుటకు ఒక ఇంటిని ఉదాహరణగా ఊహించుకొనవచ్చును.

గోదావరి లంక గ్రామమొకటి. ఇంటిలో అమ్మమ్మయు, నాలుగవ తరగతి చదువు మనుమరాలును. బాలిక తల్లి కువైట్‌లో ఒక ఇంట పనిచేయుచున్నది. శుక్రవారము ఆమెకు సెలవు. ఆ ఉదయము ఆమె వీడియో కాలు చేయును. ఆ ఫోను ఆమె పంపినదే. మిగిలిన దినములలో మనుమరాలు దానిలో ఒక ఆట ఆడును. బొమ్మ ఇంటికి రంగులు వేయుట, కుర్చీలు కొనుట, నాణెములు కూర్చుట అందలి పని. ఆటలో ఇతరులతో మాటలు వ్రాసికొనుటకు వీలు కలదు. అమ్మమ్మకు చదువు రాదు. ఆటలో మాటలుండునని ఆమెకు తెలియదు.

ఒకనాడు పన్నెండేండ్ల పిల్లనని చెప్పుకొనిన వ్యక్తి బాలికకు ఐదువందల నాణెములు ఇచ్చెను. తన్ను అక్కా అని పిలువుమనెను. నీ బొమ్మ ఇల్లు చాల బాగున్నదని మెచ్చుకొనెను. ఏ తరగతి, ఏ బడి, ఇంటిలో ఎవరెవరు, అమ్మమ్మ ఎప్పుడు నిద్రపోవును అని, రోజునకొకటి చొప్పున, కబుర్లలో కలిపి అడిగెను. కొన్ని దినములకు ఆటనుండి వేరొక యాప్‌లోనికి రమ్మనెను. "మన ఇద్దరి సంగతి ఎవరికీ చెప్పకు" అనెను. ముఖము ఫొటో అడిగెను, బాలిక పంపెను. బడి దుస్తులలో అడిగెను, అదియు పంపెను. పిమ్మట దుస్తులు లేకుండ అడిగెను. బాలిక పంపలేదు. అంతట అక్క మాట మారెను: "నీ ఫొటో నా దగ్గరుంది. మీ బడి పేరు నాకు తెలుసు. పంపకపోతే మీ టీచరుకి, మీ అమ్మమ్మకి అన్నీ చెప్పేస్తాను."

ఇట్టివారు చాలవరకు ఈ మెట్లనే ఎక్కుదురు: మెప్పు, కానుక, రహస్యము, చోటు మార్పు, ఫొటో, బెదిరింపు. వేషము ఏదైన కావచ్చును. అడుగువాడు నలుబదేండ్ల పురుషుడై ఉండవచ్చును. ఒక్కొక్కప్పుడు బిడ్డ ఎరిగినవాడే కావచ్చును. పంపిన మామూలు ఫొటోనే కృత్రిమ మేధ సాధనములతో అసభ్యముగ మార్చి బెదిరించుట కూడ నేడు జరుగుచున్నది.

బాలిక వారము దినములు ఎవరితోను చెప్పలేదు. అన్నము సగములో వదలెను. ఎన్నడో మానిన పక్క తడుపు మరల మొదలాయెను. బడికి పొమ్మనిన కడుపునొప్పి అనెను. అమ్మమ్మ ఎండుమిరపకాయలు, ఉప్పు పట్టి దిష్టి తీసెను, నొప్పి తగ్గలేదు. బాలింత ఇంటికి వచ్చిన ఆశా కార్యకర్త ఆ దారినే పోవుచు, మాటల సందున సంగతి విని, రెండు ప్రశ్నలు అడిగెను. రాత్రి నిదురపోవుచున్నదా? ఫోను మ్రోగినచో ఏమి చేయుచున్నది? మొదటిదానికి కాదనియు, రెండవదానికి ఉలికిపడుచున్నదనియు అమ్మమ్మ చెప్పెను. కడుపునొప్పికి మందు అడుగబోయిన ఆమెకు, ఆ రెండవ జవాబు తన నోటనే వినునప్పటికి గుండె ఝల్లుమనెను.

ఆ రాత్రి దీపము ఆర్పిన తరువాత ఆమె మనుమరాలి ప్రక్కన పండుకొని అడిగెను.

"నాకు ఫోను సంగతి తెలీదే తల్లీ. నువ్వే నాకు చెప్పాలి. అందులో నిన్నెవరైనా భయపెడుతున్నారా?"

చాలసేపటికి గాని బాలిక పలుకలేదు. "చెప్తే ఫోను లాగేసుకుంటావు. అమ్మ మొహం ఇంక కనపడదు."

"లాగేసుకోను. శుక్రవారం అమ్మ మొహం చూడకుండా నేను మాత్రం ఉండగలనా?"

అప్పుడు బాలిక చెప్పెను.

ఆ వారము దినములు ఆ పిల్ల నోటికి తాళము వేసినది బెదిరించినవాడు ఒక్కడే కాదు. "ఇంకోసారి ఇలా చేశావంటే ఫోను తీసి పారేస్తాను" అని ఎన్నడో అమ్మమ్మ కసరిన మాట కూడ. పిల్లలను అదుపున ఉంచుటకు ఇండ్లలో ఈ మాట వాడుక. చెప్పువారికి అది జ్ఞాపకముండదు. పిల్లలు మాత్రము దానిని నిజముగా నమ్మి, ఆపద వచ్చిననాడు ఆ నమ్మకము ప్రకారమే నోరు మూసికొందురు. బెదిరించువారికి ఈ సంగతి తెలియును. కావుననే వారు పోలీసులను గూర్చి కాదు, అమ్మను గూర్చి, టీచరును గూర్చి భయపెట్టుదురు.

చెప్పినప్పుడు చేయవలసినది

పది సంవత్సరములలోపు బిడ్డకు నియమముల జాబితా ఇచ్చిన నిలువదు. పేరు, ఊరు, బడి, ఫొటో ఇయ్యరాదని చెప్పవలసినదే. కాని ఒక్క మాట తప్పక నాటవలెను: ఎవరైన "మీ అమ్మకు చెప్పకు" అనినచో, ఆ మాటనే అందరికంటె ముందు అమ్మకు చెప్పవలెను. ఇది తెరలోని వారికే కాదు, వీధిలోని వారికిని, ఇంటికి వచ్చిపోవు వారికిని వర్తించును. స్నానమప్పుడు తప్ప బట్టల చాటుననుండు శరీరభాగములను ఎవరును చూడరాదనియు, ఫొటో తీయరాదనియు మూడేండ్ల బిడ్డకు సైతము స్నానము చేయించుచు సహజముగ చెప్పవచ్చును. డాక్టరు చూచునపుడు అమ్మ ప్రక్కన ఉండునని కూడ చెప్పవలెను.

బిడ్డ చెప్పుచున్నప్పుడు మొదటి ఐదు నిమిషములు పెద్దల ముఖము చాల ముఖ్యము. "ఎందుకు పంపావు?" అను ప్రశ్న అప్పుడు వలదు. "చెప్పావు, మంచి పని చేశావు, ఇది నీ తప్పు కాదు" అని చెప్పి, బిడ్డ తనంత తాను చెప్పినంతవరకు వినవలెను. అదే కథను పదిమంది ఎదుట పదిసార్లు చెప్పింపరాదు.

పిమ్మట ఫోను సంగతి. కోపమున సందేశములను చెరిపివేయుదురు. అవియే సాక్ష్యము, చెరుపరాదు. ఆ ఖాతా పేరు, వచ్చిన తేదీ, వేళ ఒక కాగితముమీద వ్రాసి ఉంచవలెను. బెదిరించువానికి సొమ్ముగాని మరియొక ఫొటోగాని ఇయ్యరాదు, ఇచ్చినకొలది అడుగును. ఆ ఖాతాను తరువాత అడ్డగింపవచ్చును. మేనమామ ముసుగులోనో తండ్రి ముసుగులోనో వానితో తగవులాడబోరాదు. వాడు జాగ్రత్తపడి ఆనవాళ్లు చెరిపివేసికొనును. బిడ్డ అసభ్య చిత్రము ఏదైన అందులో ఉన్నచో దానిని బంధువులకు చూపుటకుగాని, ఇతరులను హెచ్చరించుటకుగాని మరియొకరికి పంపరాదు. ఉద్దేశము మంచిదైనను, అట్టి చిత్రమును పంపుట సమాచార సాంకేతిక చట్టములోని 67బి సెక్షను ప్రకారము నేరము. అట్టి వానిని ఉద్దేశపూర్వకముగ దాచుకొనుటయు, చూచుటయు పోక్సో చట్టము క్రింద నేరములు కాగలవని 2024 సెప్టెంబరులో సుప్రీముకోర్టు స్పష్టపరచినది. ఫోనును ఉన్నది ఉన్నట్లు పోలీసులకు చూపవలెను.

సహాయమునకు 1098 బాలల సహాయ నంబరు కలదు. దీనికి దేశములో ఎక్కడినుండియైనను, రాత్రింబవళ్లు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. పెద్దలేకాదు, పిల్లలును చేయవచ్చును. ప్రాణభయమున్నచో 112. హోంశాఖవారి జాతీయ సైబరు నేరముల పోర్టలులో బాలలకు సంబంధించిన ఫిర్యాదును పేరు తెలుపకుండగను నమోదు చేయవచ్చును. బిడ్డ ఫొటోలు బయట తిరుగునను భయమున్నవారికి టేక్ ఇట్ డౌన్ అను ఉచిత సేవ 2023నుండి ఉన్నది. అది ఫొటోను తీసికొనదు. ఫొటోనుండి ఒక సంకేతమును మాత్రము తయారుచేసి, అందు చేరిన సామాజిక మాధ్యమ సంస్థలకు ఇచ్చి, ఆ ఫొటో అక్కడ కనబడిన తొలగింపజేయును. బిడ్డకు గాని తల్లికి గాని మనస్సు కుదుటపడనిచో, 14416 నంబరున టెలీ మానస్ సలహాదారులు తెలుగులో మాటలాడుదురు. ఈ సేవ 2022 అక్టోబరులో ఆరంభమైనది.

పోలీసులనగా జంకువారికి చట్టమేమి చెప్పుచున్నదో తెలియుట మంచిది. లైంగిక నేరములనుండి బాలలను రక్షించు 2012 నాటి పోక్సో చట్టము, ఎలక్ట్రానిక్ సాధనములద్వారా బిడ్డను దురుద్దేశముతో మాటిమాటికి వెంబడించుటను, నిజమైన చిత్రముతోగాని కల్పిత చిత్రముతోగాని బెదిరించుటను నేరములుగ ఎంచినది. ఇట్టి నేరము జరిగినట్లు తెలిసినవారు దానిని తెలుపవలెను. తెలుపుట ఐచ్ఛికము కాదు. బిడ్డ వాఙ్మూలమును బిడ్డ ఇంటనే గాని, బిడ్డకు ఇష్టమైన చోటగాని తీసికొనవలెను. సాధ్యమైనంతవరకు సబ్ ఇన్‌స్పెక్టరు హోదాకు తగ్గని మహిళా అధికారి తీసికొనవలెను. తీసికొను అధికారి యూనిఫారములో ఉండరాదు. తల్లిదండ్రులో, బిడ్డ నమ్మినవారో ప్రక్కన ఉండవచ్చును. రాత్రివేళ బిడ్డను స్టేషనులో ఉంచరాదు. బిడ్డ పేరు, బడి పేరు పత్రికలలో ప్రకటింపరాదు. ఊరిలో పేరుపోవునను భయముతో ఫిర్యాదు మానుకొనువారు ఈ చివరి అంశమును ప్రత్యేకముగ గుర్తుంచుకొనవలెను.

పెద్దలు పెట్టు ఫొటోలు

తెలియనివారికి బిడ్డ బడి పేరు చెప్పునది ఎల్లప్పుడు బిడ్డయే కాదు. బడి మొదటి రోజున బ్యాడ్జి కనబడునట్లు నిలబెట్టి తీసిన ఫొటో, ఇంటి నంబరు కనబడు గుమ్మములోని పుట్టినరోజు ఫొటో, పసిబిడ్డ స్నానపు ఫొటో: ఇవన్నియు ప్రేమతో పెద్దలే లోకమునకు పెట్టుచున్నారు. ఆత్మీయులకు వేరుగ పంపుకొనవచ్చును గదా. చాల సామాజిక మాధ్యమములు 13 ఏండ్లు నిండనివారికి ఖాతా ఇయ్యవు. పుట్టిన సంవత్సరము మార్చి వ్రాసి బిడ్డకు ఖాతా తెరచి ఇచ్చు తండ్రి, పెద్దవారికి చూపు వస్తువులనే తన బిడ్డకు చూపుమని ఆ సంస్థకు చెప్పినవాడగును. 18 ఏండ్లలోపు వారి వ్యక్తిగత సమాచారమునకు తల్లిదండ్రుల ధ్రువపడిన సమ్మతి కావలెననియు, పిల్లలను గురిపెట్టి ప్రకటనలు చూపరాదనియు 2023 నాటి డిజిటలు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చెప్పుచున్నది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడి, అంచెలవారీగ అమలునకు రానున్నవి. తప్పుడు వయస్సు వ్రాసిన ఇంట ఆ రక్షణ పనిచేయదు.

లంక గ్రామపు ఇంట మరునాటి ఉదయము అమ్మమ్మ ఆశా కార్యకర్తను పిలిపించి, ఆమెచేత 1098కి ఫోను చేయించును. రెండు దినములకు చీర కట్టుకొని ఒక మహిళా అధికారి ఇంటికి వచ్చి, అరుగుమీద కూర్చుండి, మొదట బొమ్మ ఇంటిని చూపుమని బాలికను అడుగును. శుక్రవారము తల్లికి సంగతి తెలియును. "ఎందుకు పంపావే" అని ఆమె గొంతు పెంచబోగా, "దాన్నేమీ అనకు. చెప్పింది కదా" అని అమ్మమ్మ అడ్డువచ్చును. తల్లి అక్కడ ఏడ్చును, ఇక్కడ అమ్మమ్మ ఏడ్చును. మాటలు వ్రాసికొను వీలున్న ఆటను ఫోనునుండి తీసివేయుదురు. ఛార్జరు గదిలోనుండి వసారాలోని అమ్మమ్మ మంచము ప్రక్కకు మారును. సాయంకాలము అరగంట, అక్కడనే, శబ్దము పైకి పెట్టి మనుమరాలు ఫోను చూచును. చూచుచున్నది ఏమో అప్పుడప్పుడు అమ్మమ్మకు చదివి వినిపించును. శుక్రవారము ఉదయము కాలు వచ్చినప్పుడు పరుగున పోయి ఫోను ఎత్తునది మాత్రము ఎప్పటివలెనే మనుమరాలు.